మామ్మ గదిలో గుద్దుల మూట

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే మా మనవరాలు షైనీ ఫోన్ చేసింది. విశాఖపట్నంలో ఉద్యోగం దానికి. ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఇల్లు అద్దెకి తీసుకుంది. "తాతయ్యా, పంచింగ్ బ్యాగ్ కొందామనుకుంటున్నాను. నువ్వు కాలేజీ రోజుల్లో బాక్సింగ్ చేశావంట కదా, నాన్న చెప్పారు. మూడు ఫోటోలు పెట్టాను, ఏది తీసుకోమంటావో చెప్పు" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఒకటి నేల మీద నిలబడేది, అడుగున నీళ్ళు నింపుతారట. ఒకటి మనిషంత పొడుగున గొలుసుకి వేలాడేది. మూడోది పొట్టిది. గది ఎంత ఉంటుందని అడిగితే, ఎనిమిది బై తొమ్మిది అని చెప్పింది. ఇక పొట్టిదే తీసుకోమని చెప్పేస్తే సరిపోయేది. కానీ నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. "ఆ గదిలో ఎవరైనా పడుకుంటారా అమ్మా?" అన్నాను. షైనీ నవ్వింది. "ఎవరూ పడుకోరు తాతయ్యా. ఇస్త్రీ బల్లా, ఖాళీ అట్టపెట్టెలూ ఉంటాయి. ఎందుకు?" అంది. ఏం లేదమ్మా, ఊరికే అడిగాను, పొట్టిదే తీసుకో అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

అన్నానికి రమ్మని మా ఆవిడ రెండుసార్లు పిలిచింది. ఫోన్లో ఆ ఫోటోలే చూస్తూ కూర్చున్నాను. ఆ ప్రశ్న నాది కాదు. యాభై ఏళ్ళ కిందట ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చి, సరిగ్గా ఆ మాటే నన్ను అడిగారు. ఆ రోజు నేను చెప్పిన జవాబు ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పలేదు.

అమలాపురం నుంచి ముమ్మిడివరం వెళ్ళే రోడ్డు మీద బస్సు దిగి, కాలవ గట్టు పట్టుకుని మైలు దూరం నడిస్తే మా ఊరు. మా నాన్నగారు ఆనందరావు మేస్టారు, మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. ఆయన తల్లి, మా మామ్మ సంతోషమ్మ, పొలం కూలీ. ఊడ్పులకి, కలుపులకి, కోతలకి వెళ్ళేది. అవి లేని రోజుల్లో కాలవలో నానిన కొబ్బరి డొక్కల్ని కర్రతో బాది పీచు తీసే పనికి వెళ్ళేది. మా తాత వయసులోనే పోతే, ముగ్గురు పిల్లల్ని ఒక్కతే పెంచి, ఆఖరివాడైన మా నాన్నగారిని బోర్డింగులో పెట్టి చదివించింది. ఆయనకి ఉద్యోగం వచ్చి, మా పేటలో మొదటి పెంకుటిల్లు కట్టేదాకా ఆవిడ తాటాకు పాకలోనే ఉంది. ఆ పాకలో ఒకప్పుడు తొమ్మిదిమంది పడుకునేవారట. మామ్మకి గుమ్మం దగ్గర చోటు. అర్ధరాత్రి ఎవరు బయటికి వెళ్ళినా ఆవిడ కాళ్ళు దాటుకుని వెళ్ళాల్సిందే.

కొత్త ఇంట్లో ముందు వరండా, మధ్యలో ఒక పెద్ద గది, వెనక వంటిల్లు. వరండాకి ఎడమ పక్కన, ప్లానులో లేని ఒక చిన్న గదిని నాన్నగారు తల్లికోసం కట్టించారు. ఎనిమిదడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు. పైన మంచి చేవ ఉన్న తాటి దూలం. కొబ్బరితోట వైపు చిన్న కిటికీ. తలుపుకి లోపల గడియ. అందులో ఒక నులక మంచం, మంచం కింద రేకు పెట్టె, దండెం మీద రెండు చీరలు. ఆ గదిలో అడుగుపెడితే కొబ్బరినూనె వాసన, పెట్టెలో చీరల మధ్య దాచిన ఎండు వేపాకు వాసన, ఈ రెంటినీ మించి లంక పొగాకు ఘాటు తగిలేవి. మామ్మ చుట్ట కాల్చేది. విశ్వాసులు పొగ తాగకూడదని పాస్టరు గారు ఎన్నోసార్లు చెప్పారు. ఆవిడ తల వంచుకుని "ఆయ్, అలాగేనండి" అనేది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినపడేది. కాసేపటికి కిటికీలోంచి సన్నగా పొగ కొబ్బరిచెట్ల వైపు వెళ్ళేది. అమ్మకి తెలుసు, నాన్నగారికి తెలుసు, నాకూ తెలుసు. ఆ గంటసేపూ ఎవరూ ఆ తలుపు తట్టేవాళ్ళం కాదు. తర్వాత లవంగం నములుతూ, ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చి, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది.

నేను అమలాపురంలో కాలేజీలో చేరిన ఏడాది ఒక సంగతి జరిగింది. మా ఊళ్ళోంచి గట్టు మీదకి ఎక్కే దారిలో ఒక పెద్ద రైతు ఇల్లు ఉండేది. ఆ ఇంటి ముందుకి రాగానే నాన్నగారు సైకిలు దిగి, ఆ ప్రహరీ దాటేదాకా నడిపించుకుని వెళ్ళి మళ్ళీ ఎక్కేవారు. దిగమని ఆయనతో ఎవరూ అన్నది నేను వినలేదు. ఆ ఇంటి పిల్లలు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. అయినా దిగేవారు. నేను కూడా ఆయన వెనక దిగేవాణ్ణి. కాలేజీ మొదలైన కొన్నాళ్ళకి ఒక ఉదయం నాకు దిగబుద్ధి కాలేదు. ఆయన దిగారు, నేను తొక్కుకుంటూ ముందుకి వెళ్ళిపోయాను. ఆ ఇంటి పెద్దబ్బాయి, నాకంటే రెండేళ్ళు పెద్దవాడు, గేటు దగ్గర పళ్ళు తోముకుంటున్నాడు. వచ్చి నా హేండిలు పట్టుకుని ఆపి, చెంప మీద ఒకటి కొట్టాడు. పెద్ద దెబ్బేం కాదు. కానీ నేను సైకిలుతో సహా పక్కకి పడ్డాను. వెనక నాన్నగారు వచ్చారు. నన్ను లేపలేదు. అతని వైపు తిరిగి, "చిన్నవాడండి బాబూ, తెలీక చేసేడు" అన్నారు. నేను లేచి చేతులు దులుపుకుని, ఆ రోజు కాలేజీకి నడిచే వెళ్ళాను. ఆ విషయం మేమిద్దరం ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ నెలలోనే హవల్దారు ప్రకాశరావు గారి దగ్గర చేరాను. ఆయన మిలట్రీలో చాలాకాలం పనిచేసి వచ్చినవారు. అక్కడ బాక్సింగు నేర్చుకున్నారట. పొద్దున్నే కాలేజీ మైదానంలో ఓ అయిదారుగురికి ఉచితంగా నేర్పేవారు. రెండు జతల పాత గ్లవ్సు ఉండేవి, వంతులవారీగా తొడుక్కునేవాళ్ళం. నేను సన్నగా, పొడుగ్గా ఉండేవాణ్ణి. చేతులు బాగా సాగుతాయని ఆయనకి నా మీద గురి కుదిరింది. "వచ్చే ఏడాది యూనివర్సిటీ సెలక్షన్లకి నిన్ను పంపుతాను, ప్రసాద్. కానీ ఇక్కడ గంటసేపు చేస్తే చాలదు. ఇంటి దగ్గర ఒక బ్యాగు కట్టుకో" అన్నారు.

దాంతో నాకు అదే ధ్యాస పట్టుకుంది. కాకినాడలో మా మేనమామ ఇంటికి వెళ్ళినప్పుడు ఆటసామాన్ల కొట్టుకి పోయి చూశాను. ఎర్రటి తోలుతో కుట్టిన బ్యాగు, దాదాపు నా భుజాల ఎత్తు ఉంది, పైన ఇనుప గొలుసులు. చేత్తో నిమిరి చూసి, ధర అడిగి, బయటికి వచ్చేశాను. ఊళ్ళోనే కట్టుకోవాలి. ముందు ఒక గోనెసంచిలో కాలవ ఇసుక నింపి మామిడికొమ్మకి కట్టాను. నాలుగు గుద్దులకే మణికట్టు వాచింది. రెండో రోజుకి ఇసుకంతా అడుక్కి దిగి సంచి బండలా అయింది. పైగా అది రోడ్డు మీదకి కనిపిస్తోంది. పొలానికి పోయేవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. అమ్మకి భయం వేసింది. "ఎవరి మీదకి ఈ తయారీ అని అడుగుతారు నాయనా. తీసెయ్యి. కావాలంటే ఇంట్లో ఎక్కడన్నా కట్టుకో" అంది.  ఆ రోజుల్లో నా విషయంలో నాన్నగారు దేనికీ ఏమీ అనేవారు కాదు.

ఇంట్లో ఎక్కడ కట్టాలి? పెద్ద గదిలో అమ్మా, నాన్నగారూ, మా ఇద్దరు చెల్లెళ్ళూ పడుకునేవారు. నా చాపా అక్కడే. వరండా మీద కడితే మళ్ళీ రోడ్డే. బరువు మోసే గట్టి దూలం, తలుపు వేసుకుంటే ఎవరికీ కనపడని చోటు, ఈ రెండూ ఉన్నది మామ్మ గదిలోనే. ఆ మాట నేను పైకి అనకుండానే నా చూపు ఆ తలుపు వైపు పోవడం మొదలైంది. ఆవిడ పొలానికి వెళ్ళినప్పుడు లోపలికి వెళ్ళి అడుగులతో కొలుచుకునేవాణ్ణి.

హవల్దారు గారితో, మా ఇంట్లో చిన్న గది ఒకటి ఉందండి, సరిపోతుందో లేదో తెలీడం లేదండి అని చెప్పాను. ఆయన నవ్వి, "గదిని చూసి సంచి ఎంచుకోవాలి బాబూ, సంచిని చూసి గది కాదు. ఉండు, ఆదివారం అటు వచ్చే పనుంది, చూస్తాను" అన్నారు. అన్నట్టే సాయంత్రం సైకిలు మీద వచ్చారు. మా ఇంటికి అలాంటి పెద్దమనిషి రావడం అమ్మకి కంగారు. మామ్మని మజ్జిగ కలపమంది. నేను ఆయన్ని గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన దూలాన్ని పిడికిలితో తట్టి చూశారు. గోడ నుంచి గోడకి అడుగులు వేశారు. "పొడుగుది పెట్టకూడదు. మూడడుగులకి మించకూడదు, లేకపోతే ఊగి గోడకి కొట్టుకుంటుంది. బరువు కూడా నీ ఒంటి బరువులో సగం ఉంటే చాలు. మధ్యలో కడితే చుట్టూ తిరగడానికి చోటు ఉంటుంది. కానీ ఈ మంచం తీసెయ్యాలి" అన్నారు. ఆ తర్వాత దండెం మీద చీరల వైపు చూసి ఆగారు. "ఈ గదిలో ఎవరైనా పడుకుంటారా?" అని అడిగారు.

"లేదండి. సామాన్ల గదండి" అన్నాను.

వెనక ఏదో కదిలినట్టయితే తిరిగి చూశాను. మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులతో మజ్జిగ గ్లాసు పట్టుకుంది. ఆవిడ నా మొహం చూడలేదు. హవల్దారు గారి వైపు చూసి, "ఆయ్, సామాన్లేనండి" అంది. గ్లాసు ఆయన చేతికిచ్చి, దండెం మీంచి రెండు చీరలూ తీసి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆయన మజ్జిగ తాగుతూ గొలుసు ఎంత పొడుగు ఉండాలో చెబుతున్నారు. నేను తల ఊపుతున్నాను. ఒక్క మాట కూడా నా బుర్రలోకి ఎక్కలేదు.

ఆయన వెళ్ళి పది నిమిషాలు కాకముందే మామ్మ మంచం వరండాలోకి లాక్కుంది. పెట్టె కూడా తనే మోసుకొచ్చి దాని కింద పెట్టుకుంది. అమ్మ నొచ్చుకుని, "అదేంటి అత్తయ్యగారూ, వాడేదో అడిగితే మీరు ఇచ్చేయడమే?" అంది. "ఇక్కడ గాలొత్తాదమ్మా. లోపల ఉక్క" అంది మామ్మ. నిజానికి నేను అడగనే లేదు. అడిగి ఉంటే కనీసం ఆవిడకి కాదనే వీలు ఉండేది. నాన్నగారు సాయంత్రం ఆరాధన నుంచి వచ్చి, వరండాలో మంచం చూశారు. "అమ్మా?" అన్నారు. "ఏం లేదురా, గాలికి" అంది ఆవిడ. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ బ్యాగు ఎలా ఉండాలో చివరికి తేల్చింది కూడా మామ్మే. నేను ఊక నింపుదామనుకున్నాను. "ఊక పనికిరాదురా పెసాదూ. పురుగడతాది, గుద్దినప్పుడల్లా దుమ్ము రేగుద్ది. ఇసకైతే అడుక్కి దిగుద్దని చూసేవుగా. పీచు ఎయ్యి. ఎంత బాదినా మళ్ళీ పొంగుద్ది. నలబై ఏళ్ళు బాదేను, నాకు తెలవదా" అంది. అమలాపురం బజారులో లారీ టార్పాలిన్ పాతది ఒక ముక్క కొన్నాను. చెప్పులు కుట్టే ఆయన దాన్ని మూడడుగుల గొట్టంలా కుట్టి, పైన తోలు పట్టీలు వేసి ఇచ్చాడు. పీచు మామ్మ తెచ్చింది. తనే ఎండలో ఆరబోసి, పొట్టు దులిపి, చిక్కు విడదీసి, గుప్పెడు గుప్పెడు లోపలికి కూరుతూ మధ్యమధ్యలో రోకలితో దట్టించింది. రెండు రోజులు పట్టింది. ఆవిడ వేళ్ళు మొక్కజొన్న కండెల్లా గరుగ్గా ఉండేవి. పీచు గుచ్చుకున్నా తెలిసేది కాదు. పైన మూతి కుట్టేటప్పుడు, "ఇది నీ గుద్దుల మూట. దీన్నే కొట్టు. మనుసుల్ని కొట్టమాకు" అంది. ఆ తర్వాత ఇంట్లో అందరం దాన్ని గుద్దుల మూట అనే అనేవాళ్ళం.

ఏడాదికి కొంచెం తక్కువగా ఆ గదిలో సాధన చేశాను. పొద్దున్న కాలేజీకి ముందు, మధ్యాహ్నం క్లాసులు లేని రోజుల్లో, సాయంత్రం. తలుపు వేసుకుని గడియ పెట్టుకునేవాణ్ణి. ధబ్, ధబ్ అని ఇల్లంతా వినిపించేది. ఒక్కో గుద్దుకీ ఆ గేటు దగ్గర పళ్ళు తోముకుంటున్న మొహం గుర్తు తెచ్చుకునేవాణ్ణి. గోడకి అవతల వరండాలో మామ్మ మంచం. మధ్యాహ్నం పూట ఆవిడ కునుకు తీసే వేళకే నేను లోపల కొడుతూ ఉండేవాణ్ణి. చెమటలు కారుతూ బయటికి వస్తే, లేచి కూర్చుని ఉండేది. "ఇయ్యాల బాగా కొట్టేవురా" అని తువ్వాలు అందించేది. వానాకాలం వచ్చాక జల్లు కొట్టకుండా అమ్మ వరండాకి గోనెపట్టాలు కట్టింది. అయినా తెల్లారేసరికి మంచం కాళ్ళు తడిసి ఉండేవి. దారినపోయే ప్రతివాడూ ఆవిడని పలకరించేవాడు. ఆవిడ ప్రతివాడికీ లేచి జవాబు చెప్పాలి. చీర మార్చుకోవడానికి వంటిల్లు ఖాళీ అయ్యేదాకా ఆగేది. ఇవన్నీ నేను చూశాను. చూడలేదని చెప్పడానికి లేదు. చూసి, ముసలావిడ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

చుట్ట మానేసింది. వరండాలో కూర్చుని కాలిస్తే రోడ్డు మీద పోయే పాస్టరు గారు చూస్తారు. అమ్మ అది గొప్పగా చెప్పుకుంది. ఒక ఆదివారం పాస్టరు గారు సంఘంలో అందరి ముందు, సంతోషమ్మ గారు ఈ వయసులో అలవాటు జయించారని మెచ్చుకున్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చుంది. సిగ్గనుకున్నాను.

సెలక్షన్లు కాకినాడలో జరిగాయి. హవల్దారు గారు దగ్గరుండి తీసుకెళ్ళారు. నాకు ఎదురు వచ్చినవాడు నాకంటే పొట్టి. మొదటి రౌండు నేనే బాగా ఆడాను. రెండో రౌండులో వాడు నా చేతుల కిందనుంచి లోపలికి దూరి, పొట్టలో ఒకటి, ముక్కు మీద ఒకటి కొట్టాడు. బ్యాగు ఎప్పుడూ తిరిగి కొట్టలేదు కదా, నాకు ఏం చేయాలో తోచలేదు. రక్తం చూసి ఆట ఆపేశారు. తిరిగి వచ్చే బస్సులో హవల్దారు గారు, "మళ్ళీ ఏడాది చూద్దాం బాబూ" అన్నారు. నాకు మళ్ళీ ఏడాది అక్కర్లేదని అప్పటికే తెలిసిపోయింది. ఇంటికి వచ్చాక వారం రోజులు ఆ గది తలుపు తియ్యలేదు. ఆ తర్వాత కూడా తియ్యలేదు. మైదానానికి వెళ్ళడం మానేశాను.

అప్పుడే దాన్ని దించెయ్యాల్సింది. దించితే ఓడిపోయానని ఇంటిల్లిపాదికీ చెప్పినట్టవుతుందని అనిపించింది. పరీక్షలయ్యాక దించుదాం, వేసవిలో దించుదాం అనుకుంటూ పోయాను. గదిలో మెల్లగా ఎరువుల బస్తాలు చేరాయి. ఒలవని కొబ్బరికాయలు ఒక మూల పోశారు. నేను చెప్పిన అబద్ధం అలా నిజమైంది.

మామ్మ ఒక్కసారి అడిగింది. ఒక్కసారే. నేను ఉద్యోగానికి దరఖాస్తు రాసుకుంటున్నాను. పక్కన వచ్చి నిలబడి, కాసేపు నా చేతిరాత చూసి, "పెసాదూ, ఆ మూట ఇంకా కొడతావా?" అంది. ఎంత మెల్లగా అడిగిందో. నాకు మాత్రం అది ఎత్తిపొడుపులా తగిలింది. తల ఎత్తకుండానే, "కొడతాను. ఎందుకు కొట్టను?" అన్నాను విసురుగా. "ఆయ్, అలాగే. నీ ఇట్టం" అని వెళ్ళి మంచం మీద కూర్చుంది.

ఆ శీతాకాలం దాటాక నాకు రాజోలులో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అక్కడే గది తీసుకున్నాను. నెలకోసారి ఇంటికి వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా మామ్మ వరండాలోనే ఎదురయ్యేది. నా చేతిలో సంచి అందుకుని, "చిక్కిపోయేవురా" అనేది. రెండో ఏడు వానల్లో ఆవిడకి జ్వరం వచ్చింది. రొంప అనుకున్నారు. నాన్నగారు డాక్టరు గారిని తీసుకొచ్చి ఇంజక్షను చేయించారు, పెద్ద గదిలోకి మార్చారు. మూడోరోజు నాకు కబురు వచ్చింది. రేవు దాటి, రెండు బస్సులు మారి నేను వచ్చేసరికి ఆవిడ పోయింది, సమాధి పెట్టె కూడా సిద్ధం చేసేశారు.

ఆవిడ వరండాలో పడుకోవడం వల్లే పోయిందని ఎవరూ అనలేదు. నేనూ అనను. డెబ్బై దాటిన మనిషి. ఆ వానల్లో మా పేటలో ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. నా బాధ అది కాదు. సమాధి చేసి వచ్చాక వాకిట్లో ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో సువార్తమ్మ గారని, మామ్మతో కలిసి చిన్నప్పటి నుంచీ కూలికి వెళ్ళినావిడ ఉంది. మా ఇంటి వెనకే ఆవిడ పాక. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "మీ మామ్మకి ఆ గదంటే ఎంత ఇట్టమో నీకు తెలుసా బాబూ?" అంది. "సేలో ఉన్నంతసేపూ అదే చెప్పేది. నా కొడుకు నాకు గడియున్న గది కట్టేడే, లోపల గడియేసుకుంటే నన్నెవరూ పిలవరే, కాళ్ళు బారసాపుకుని తొంగుంటానే అనేది. మేవందరం నవ్వేవోళ్ళం, సెప్పిందే సెబుతావని."

నేను ఏదో అనాలి కాబట్టి, "చుట్ట మానేసిందిగా మామ్మగారూ" అన్నాను.

"ఎక్కడ మానింది? మా ఇంటెనక్కొచ్చి కాల్చేది. నా పొయ్యి పొగలో కలిసిపోద్దని, పొయ్యెలిగించే దాకా కూకునేది. నువ్వు మూట కట్టుకున్న కాడ్నించీ అంతే." నా మొహం చూసి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నీ మీద ఒక్క మాట అనేది కాదు బాబూ. కుర్రోడు గట్టిపడతన్నాడే అనేది."

నేను అయిదు చోట్ల పనిచేసి, కొత్తపేటలో రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకున్నాను. నన్ను కొట్టిన ఆ పెద్దబ్బాయి ఒకసారి పొలం కాగితాల పనిమీద మా ఆఫీసుకి వచ్చాడు. జుట్టు తెల్లబడింది. "ప్రసాద్ గారూ, మీ నాన్నగారు నాకు ఎక్కాలు నేర్పేరండి" అని నిలబడే మాట్లాడాడు. కుర్చీ చూపించాను, పని చేసి పంపించాను. ఆ చెంపదెబ్బ ఆయనకి గుర్తుందో లేదో తెలీదు. నాకు గుర్తుంది, కానీ ఎక్కడా మండలేదు. ఆ దెబ్బకి బదులు తీర్చుకుందామని మామ్మ చోటు లాక్కున్నానే, ఆ మంట వేరు. అది ఇప్పటికీ తగ్గలేదు. మా నాన్నగారు సైకిలు దిగడం చూసి సిగ్గుపడ్డవాణ్ణి, నా ముందు మామ్మ చీరలు తీసుకుని గది గుమ్మం దిగిపోతుంటే ఊరుకున్నాను. అప్పటి ఇళ్ళు చిన్నవి, మనుషులు సర్దుకునేవారు అని ఇప్పుడు మావాళ్ళందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నేను ఆ మాట అనలేను. మా ఇంట్లో సర్దుకున్నది ఎప్పుడూ ఒక్క మనిషే. మిగిలినవాళ్ళం ఆ చోట్లో కాళ్ళు చాపుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లో నాలుగు గదులు. రెండింటిలో ఎవరూ ఉండరు. వాటి తలుపులు తీసి దుమ్ము దులుపుతున్నప్పుడల్లా నాకు ఆవిడ మంచం పొడుగు ఎంతో గుర్తొస్తుంది.

మామ్మని సమాధి చేసిన మర్నాడు పొద్దున్నే నేను ఆ గది తలుపు తీశాను. ఎరువు వాసన, బూజు. బ్యాగు మీద బల్లి గుడ్ల మరకలు. కొబ్బరికాయల కుప్ప పక్కన స్టూలు వేసుకుని, దూలానికి ఉన్న గొలుసు విప్పబోతుంటే నాన్నగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. 

"ఇప్పుడు దించి ఎవరికిస్తావురా ఆ గది?" అన్నారు.

 ఆయన నన్ను జీవితంలో ఎప్పుడూ తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క మాటే. నేను గొలుసు పట్టుకునే స్టూలు మీద నిలబడ్డాను. ఆయన ఆ గోడల వైపు చూశారు.

"నిన్ను అనడం ఎందుకులే. నేనూ రోజూ ఆ వరండాలోంచే వచ్చేను, వెళ్ళేను. ఒక్కనాడు అడగలేదు" అన్నారు.

చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి వచ్చి, బ్యాగుని కింద నుంచి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. నేను గొలుసు విప్పాను. ఇద్దరం కలిసి దాన్ని వెనక పెరట్లోకి మోసుకెళ్ళి పెట్టాం. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఎరువు బస్తాలు బయటికి లాగాం, కొబ్బరికాయలు తట్టల్లోకి ఎత్తాం. అమ్మ వచ్చి చూసి, చీపురు తెచ్చింది. మధ్యాహ్నం దాటేసరికి గది ఖాళీ అయింది. నాన్నగారు వరండాలో ఉన్న నులక మంచం ఒక పక్క పట్టుకుని, రెండో పక్క పట్టుకోమని నాకు సైగ చేశారు. తీసుకొచ్చి కిటికీ కింద వేశాం. దాని పక్కన ఇద్దరం నిలబడితే ఇంకా చోటు మిగిలింది.